బండికి బండి తగిలించుట



రేడియోలో మాటాడుచున్నాను గనుక నా కుడిచేయి మీకు కానరాదు. దాని యుంగరపు వ్రేలికి కొనకణుపు లేదు. 20 ఏండ్ల క్రిందట, సంక్రాంతికి ముందు, కుప్పనూర్పుల దినములలో, ట్రాక్టరునకు ధాన్యపు ట్రక్కు తగిలించుచుండగా అది పోయినది. ట్రాక్టరు తోలినవాడు మా యన్నగారి కుమారుడు, నేర్పరి, నెమ్మదిగలవాడు. తప్పు వానిది కాదు. నేను నిలువరాని చోట నిలిచితిని. ఆ చోటును గూర్చియే యీ సాయంకాలము మీతో మాటాడ వచ్చినాను.

ముందుగా ఎడ్లబండిని తలచుకొందము. బండి విప్పినపుడు నొగ క్రింద ఊతకఱ్ఱ పెట్టుదుము. తిరిగి కట్టవలసినపుడు కాడి నెత్తి పట్టుకొని పిలిచినచో, మరగిన యెద్దు తనంతట తానే వచ్చి మెడ పెట్టును. జానెడు ఎడమైనను తానే సరిచేసికొనును. నడుమ మనిషి యున్నచో ఆగును. దానికి కన్నులున్నవి, మనిషి యెఱుక యున్నది. ఇన్ని తరములుగా బండి కట్టుటలో గుఱి చూచు పనిని ఎద్దే చేయుచు వచ్చినదని, ఎద్దు పోయి ట్రాక్టరు వచ్చుదాక మనకు తోచలేదు.

ట్రాక్టరునకు వెనుక కన్నులు లేవు. తోలువాడు మెడ త్రిప్పి చూచినను, అతనికి కనబడునది చక్రముల పైరేకులును, ట్రక్కు ముందరి పలకయును. కలియవలసిన రెండు రంధ్రములు, అనగా ట్రాక్టరు వెనుకనున్న యినుపపట్టె రంధ్రమును, ట్రక్కునుండి ముందునకు చాచియున్న దూలము కొనయందలి రంధ్రమును, ఆసనమునకు దిగువ కంటికి మరుగై యుండును. (ఆ దూలమును నేను నొగ యనియే యందును. ట్రక్కును మీ ప్రాంతమున ట్రాలీ యందురేమో, ఏదైనను ఒకటే.) ఈ రెండు రంధ్రములు అంగుళము తప్పినను పిన్ను దిగదు. కావున ఒక మనిషిని నడుమ నిలిపి, 'రా, రా, ఇంకొంచెము రా, ఆగు' అనిపించుట మనకు అలవాటైనది. ఆ మనిషి యొక చేతితో నొగను లేపుచుండును. వేరొక చేతితో పిన్ను పట్టియుండును. 'ఆగు' అన్న మాట ఇంజను చప్పుడులో కలసిపోవును. బురద పాదము క్లచ్చిపైనుండి జారినచో, సుమారు 2 టన్నుల బరువుగల ట్రాక్టరు ఒక మూర వెనుకకు వచ్చును. ఆ మూరెడు చోటులోనే మనిషి రొమ్ము ఉండును. నాకు వ్రేలితో పోయినది.

ఈ యిక్కట్టు మనతో పుట్టినది కాదు. అమెరికాలో 19వ శతాబ్దమున రైలుపెట్టెకు పెట్టె తగిలించుటకు ఒక యినుప లంకెయు, ఒక పిన్నును మాత్రమే యుండెడివి. పెట్టె దొర్లివచ్చుచుండగా కూలివాడు నడుమ నిలిచి, లంకెను చేతితో నెత్తి రంధ్రములోనికి నడిపి, పిన్ను దింపవలెను. రెప్పపాటు ఆలస్యమైనచో వ్రేలు, చేయి, ఒక్కొక్కపుడు ప్రాణమే పోయెడిది. పనికి వచ్చినవాని చేతి వ్రేళ్ళు లెక్కించి, తక్కువైనచో అనుభవము గలవాడని తీసికొనెడివారని ఆ దేశమున నొక మాట కలదు. వర్జీనియా రాష్ట్రమువాడైన ఈలై జానీ యనునతడు 1873లో క్రొత్తరకము లంకెకు పేటెంటు పొందెను. మీ రెండు చేతుల వ్రేళ్ళను వంచి ఒకదానిలో నొకటి తగిలించి చూడుడు, దాని రూపమదియే. పెట్టెలు రెండును తాకగానే అది దానంతట మూసికొనును. విప్పవలసినపుడు ప్రక్కన నిలిచి మీట లాగిన చాలును, నడుమకు పోనక్కరలేదు. ఇంత మంచి సాధనము దొరికినను కంపెనీలు వెంటనే పెట్టుకొనలేదు. ఇట్టి లంకెలను 1893లో చట్టము చేసి, గడువు విధించి, పెట్టింపవలసి వచ్చినది. ఖర్చు కంపెనీది, వ్రేలు కూలివానిది. ఆలస్యమునకు కారణమదియే యని నా యభిప్రాయము. నేడు మన దేశపు గూడ్సు బండ్లలోను ఈ జాతి లంకెలే కలవు.

అయితే రైలుపెట్టెకు పట్టాలున్నవి. అది కుడికి ఎడమకు తప్పిపోదు. రోడ్డుపై నడచు బండికి ఆ భాగ్యము లేదు. అది ముందు గుఱి కుదుర్చుకొనవలెను, పిమ్మట తగులుకొనవలెను. ఈ చిక్కును విప్పినవారిలో కమ్మరులకు పెద్ద పాలు కలదని చెప్పుటకు నాకు సంతోషము. 1914లో డెట్రాయిట్ నగరమున కలప వర్తకుడొకడు తన పడవను ఫోర్డు కారు వెంట లాగించుకొని పోవలెనని ఆగస్ట్ ఫ్రూహాఫ్ అను కమ్మరి నడిగెను. అతడు వెనుక మాత్రమే చక్రములుండి, ముందుభాగము లాగు బండిపై ఆనునట్టి బండిని చేసి యిచ్చెను. నేడు విశాఖపట్టణపు రేవునుండి పెద్ద పెట్టెలను మోసికొని పోవు పొడవాటి లారీలు ఆ వంశమువే.

ఆ లారీని ఆగియున్నపుడు ఒకసారి వంగి చూడుడు. ముందు బండి వీపున గుండ్రని యినుప పళ్ళెము వంటిది యుండును. దానికి వెనుకవైపున వెడల్పుగా తెరచిన నోరుండును. వెనుక బండి అడుగున 2 అంగుళముల లావు మేకు వ్రేలాడుచుండును. డ్రైవరు కొంచెము ప్రక్కగా వచ్చినను, ఆ మేకు వెడల్పైన నోటిలో పడి, అంచుల వెంట జారి, ఇఱుకైన గొంతులో కూర్చుండును. అంతట దవడలు మూసికొనును. గరాటులో నూనె పోయుటయు నిట్టిదే గదా! మన చేయి వణకినను నూనె సీసాలోనికే పోవును. బండ్లకు గుఱి కుదుర్చు సాధనములలో పెక్కింటికి ఈ వెడల్పు నోరు, ఇఱుకు గొంతే ప్రాణము. ఇంగ్లండులో 1930 దశకమున గుఱ్ఱపుబండ్లకు బదులుగా 'యంత్రాశ్వము' అను పేర మూడు చక్రముల చిన్న లాగుడు బండి వచ్చినది. అది వెనుకకు వచ్చి ట్రక్కు ముందుభాగము క్రింద దూరినచో, ట్రక్కు ముంగాళ్ళు తామే ముడుచుకొనెడివి. కొక్కెము తానే పడెడిది. తోలువాడు దిగవలసిన పనియే లేకుండెను.

ఇక మన పొలమునకు వత్తము. ఐర్లండున 1884లో పుట్టిన హ్యారీ ఫెర్గుసన్ అనునాతని పేరు మీలో పలువురు ఇంజను మూతపై చదివియే యుందురు; ఆ పేరు గల ట్రాక్టర్లను మద్రాసులో 1960లో స్థాపింపబడిన సంస్థ చేయుచున్నది. నాగలిని ఎత్తి దింపుటకు ట్రాక్టరు వెనుకనున్న మూడు చేతుల యమరిక ఆతనిది. ఆ చేతుల బలముతోనే ట్రక్కును తగిలించు కొక్కెమును గూడ ఆయన కంపెనీ తయారుచేసినది. కొక్కెమును నేలకు దించి, వెనుకకు నడిపి, నొగ కొననున్న కడియము క్రిందికి చేర్చి, మీట నెత్తినచో కొక్కెము కడియమును పట్టి లేపి బిగించుకొనును. పిన్ను పట్టుకొని నిలుచువాడు అక్కరలేదు. ఇట్టి కొక్కెములు నేడు పెక్కు దేశముల పొలములలో సామాన్యములు. కాని మనవారిలో కొందఱు ఊరి వెల్డింగు దుకాణమున చూచిచూడని కొలతలతో అతికించుకొనగలమందురు. అది మాత్రము వలదు. ఆ యతుకుపైననే నిండు ట్రక్కు బరువు వ్రేలాడును.

అది లేనివారు ఊరకుండనక్కరలేదు. అమెరికాలో కారు వెంట పడవ లాగువారు రెండు సన్నని కడ్డీలను వాడుదురు. అడుగున అయస్కాంతము, కొనన రంగుబంతి. ఒకటి కారు హుక్కు వద్ద, ఒకటి ట్రక్కు నొగపై నిలువుగా అంటింతురు. తోలువాడు కూర్చున్నచోటనుండియే ఆ బంతులు రెండును ఒకటితో నొకటి తాకువఱకు నడపును. మేము రెండు వెదురుకఱ్ఱలకు ఎఱ్ఱగుడ్డలు కట్టి యీ పని చేయుచున్నాము. మొదటి దినము మా పాలేరు నవ్వినాడు. మూడవ దినమునుండి కఱ్ఱలు తానే తెచ్చి కట్టుచున్నాడు.

రెండవది నొగ ఎత్తు. మనిషి నడుమకు పోవుటకు సగము కారణము నొగను లేపవలసి వచ్చుటయే. నొగకు మరత్రిప్పుడు జాకీ ఒకటి యుండినచో, ట్రాక్టరు రాకముందే నొగను పట్టె యెత్తునకు తెచ్చి యుంచవచ్చును. ఎడ్లబండి ఊతకఱ్ఱ చేసిన పనియే యిది. రాయిపై రాయి పేర్చి నిలుపుట ప్రమాదము. ట్రాక్టరు తాకగానే రాయి దొర్లును. ట్రక్కు చక్రములకు ముందు వెనుకల అడ్డు వేయుటయు మఱవరాదు.

పిన్ను సంగతి చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది. మా యింట ఎన్నో యేండ్లు పిన్నునకు బదులు గడ్డపార ముక్క వాడితిమి. పిన్ను రంధ్రమునకు సరియైన లావుగలదై, గట్టి యుక్కుతో చేసినదై, పైన తలయు క్రింద క్లిప్పును కలిగి యుండవలెను. క్లిప్పు లేని పిన్ను గతుకులలో ఎగిరెగిరి పైకి వచ్చును. ట్రక్కు మనుష్యుల నెక్కించుటకు కాదని అందఱెఱుగుదురు. అయినను మిరపకోతలకు, నాట్లకు ఆడకూలీలను దానిలోనే తీసికొని పోవుచున్నాము. కాలువగట్టుపై పిన్ను ఊడినచో ఆ ట్రక్కు ఏ వైపునకు పోవునో వేరుగ చెప్పవలెనా? అందుకే పిన్నునకు తోడుగా రెండు గొలుసులను నొగ క్రిందుగా అడ్డదిడ్డముగా దాటించి ట్రాక్టరునకు తగిలింపవలెను. పిన్ను పోయినను నొగ నేలను పొడువక గొలుసుల ఒడిలో పడును. నొగపై కూర్చుండి ప్రయాణము చేయు కుఱ్ఱవాండ్రను మాత్రము పెద్దలు కేకవేసి దింపవలెను.

రెండు చక్రముల ట్రక్కును విప్పునపుడు మఱియొక మెలకువ. బరువంతయు ఇరుసునకు వెనుకగా నున్నచో, పిన్ను తీయగానే నొగ తుపాకి గుండువలె పైకి లేచును. వంగి పిన్ను తీయువాని దవడ అక్కడనే యుండును. కావున నింపునపుడే కొంత బరువు ఇరుసునకు ముందుండునట్లు నింపవలెను. మఱీ ముందునకు నింపినచో ట్రాక్టరు ముందుచక్రములు తేలికపడి, త్రిప్పినను తిరుగవు.

ఇప్పుడు మా యింట జరుగు తీరు చెప్పి విరమింతును. మా యన్నగారి కుమారుడు వెదురుకఱ్ఱలు చూచుకొనుచు ఒంటరిగా వెనుకకు నడపును. దగ్గఱకు వచ్చిన పిమ్మట ఇంజను ఆపి, బ్రేకు బిగించి, తాళము చేత పట్టుకొని దిగును. అప్పుడే పిన్ను చేత పట్టును. అంగుళమో, రెండంగుళములో తప్పినచో తిరిగి యెక్కి సరిచేయును. ఒక్కొక్కనాడు నాలుగుసార్లు ఎక్కి దిగును. పిన్ను, క్లిప్పు పెట్టి, గొలుసులు తగిలించి, జాకీ పైకెత్తి, అడ్డు తీసి, జానెడు ముందునకు లాగి చూచును. నన్ను మాత్రము అరుగు దిగనీయడు. పిన్నునకు చిన్న గొలుసు కట్టి నొగకే వ్రేలాడదీసినాము. గడ్డిలో పడి పోకుండ.