యువజనుల మనోవ్యథ – పెద్దల కర్తవ్యము

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను అమలులోనికి వచ్చినది. వీరపునాయునిపల్లె వంటి గ్రామములలో కళాశాల విద్యార్థులు ఇండ్లకే పరిమితులైరి. పాఠము, స్నేహము, వినోదము సమస్తమును ఒక్క సెల్‌ఫోనులో ఇమిడినవి. దిగులు, భయము, నిద్రలేమి పలువురను బాధించినవి.

ఆ దినముననే వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకములు, వైద్యులు ఫోనులో సలహా చెప్పుటకు స్పష్టమైన వీలు కల్పించినవి. బస్సులు నిలిచిన కాలమున కడప దాక పోనక్కరలేక వైద్యము ఇంటికే వచ్చినది. అయినను చిక్కు ఇంటిలోనే ఉన్నది. ఉన్నది ఒకటే గది. ఇంటిల్లిపాదియు వినుచుండగా పదునెనిమిదేండ్ల పిల్ల మనసులోని మాట ఎట్లు చెప్పగలదు?

మహమ్మారి తగ్గినను ఫోను ద్వారా సహాయము నిలిచియే యున్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్‌తో, 14416 సంఖ్యకు ఫోను చేసి, రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును.

బిడ్డకు జ్వరము వచ్చినచో వైద్యుని పిలుచుటకు మనము సిగ్గుపడము గదా! దిగులునకు మాత్రము సిగ్గేల? ఫోను బిడ్డ చేతికిచ్చి, మనము కొంతసేపు వాకిటి అరుగుపై కూర్చుందము. లోపల ఏమి మాటలాడినదని గ్రుచ్చి గ్రుచ్చి అడుగవద్దు. తానై చెప్పిననాడు ఓపికతో విందము.