రోగితో కలిసి పార్కుకు – ఏ చోటు, ఏ వేళ?

(ఉదయ ప్రార్థన అనంతరం రోగుల కుటుంబసభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



డిశ్చార్జి కాగితం చేతికి వచ్చిన రోజున మీరు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. ఏ మందు ఎప్పుడు వేయాలి, ఏమి పెట్టవచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి. "ఈయనను బయటకు ఎప్పుడు తీసుకెళ్లవచ్చు?" అని అడిగేవారు చాలా తక్కువ. మూడు నెలల తరువాత పరీక్షకు వచ్చినప్పుడు చూస్తే గాయం మానింది, బి.పి. అదుపులోకి వచ్చింది, మనిషి మాత్రం మంచం దిగలేదు. గాలి తగులుతుందని కిటికీ కూడా మూసే ఉంచారు. ఆయనతోపాటు ఆయన భార్య కూడా ఆ గదిలోనే ఉండిపోయింది. ఆమెకు జబ్బేమీ లేదు. అయినా ఇద్దరి ముఖాలూ ఒకే తీరుగా వాడిపోయి ఉంటాయి.

బయటి గాలి విలువ మన పెద్దలకు తెలియనిది కాదు. వానలు వెలిసి, చలి ఇంకా ముదరని కార్తీకమాసంలో ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు చేసేవారు. ఎండ కాల్చదు, నేల తడిగా ఉండదు. ఆ కాలాన్ని ఎంచడంలో ఎంత ఆలోచన ఉందో చూడండి. మార్కు సువార్త ఆరవ అధ్యాయంలో కూడా, భోజనానికైనా తీరిక లేక అలసిపోయిన శిష్యులను ప్రభువు జనసందడికి దూరంగా తీసుకెళ్లడం చూస్తాం. అక్కడ అలసినవారు రోగులు కారు, సేవ చేసేవారు. ఆ మాట గుర్తుంచుకోండి, దానికి మళ్లీ వస్తాను.

ముందుగా మీ డాక్టరు గారి అనుమతి తీసుకోండి. అది వచ్చాక పార్కును ఎంచుకోవాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. పూలు ఎక్కడ బాగున్నాయి, ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయి అని చూస్తారు. అందం చూడవద్దని నేను అనను. చెరువు, చెట్లు, పక్షులు కనబడాలి, లేకపోతే ఇంటి డాబా మీద కూర్చోవచ్చు కదా! కాని రోగి ఉన్న కుటుంబం ముందుగా చూడవలసింది గేటు నుంచి కూర్చునే చోటికి ఎంత దూరం ఉందన్నది. ఇంట్లో కుర్రవాళ్లు ఒకరు ముందురోజు వెళ్లి స్వయంగా నడిచి చూసి రావాలి. ఆటో గేటు దాకా వస్తుందా? చక్రాల కుర్చీ లోపలికి పోతుందా, మెట్లున్నాయా? వీపు ఆనించుకొనే బెంచీ నీడలో ఉందా? మరుగుదొడ్డి ఎంత దూరం, అందులో కూర్చునే కమోడ్ ఉందా, తలుపు గడియ పడుతుందా? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొగమాటపడి, దారి పొడవునా నీళ్లు తాగకుండా బిగబట్టుకొనే పెద్దవాళ్లు మనలో ఎందరో ఉన్నారు.

హైదరాబాదు సంగతే తీసుకుందాం. హుస్సేన్‌సాగర్ ఉత్తరపు ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది. 1960 నుంచి 1962 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న దామోదరం సంజీవయ్య గారి పేరిట ఏర్పడింది. విశాలమైన పచ్చిక, చదునైన నేల, ఎదురుగా నీళ్లు. 2016 జూన్ 2న నిలబెట్టిన ఎత్తైన జాతీయ జెండా స్తంభం కూడా అక్కడే ఉంది. నీటి గాలి వాసన పడని వారు, ఉబ్బసం ఉన్నవారు గాలి ఎటు వీస్తున్నదో చూసుకొని చెరువుకు కాస్త దూరంగా కూర్చోవాలి. నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ నాకు మరీ ఇష్టం. పాత చెట్లు, చిక్కని నీడ, ఎత్తుపల్లాలు లేని బాటలు. పిల్లలకు విసుగు పుడితే పక్కనే మ్యూజియం. అయితే శాసనసభ సమావేశాలు జరిగే రోజుల్లో ఆ దారుల్లో పోలీసుల ఆంక్షలు ఉంటాయి, ముందే కనుక్కోండి.

జూబిలీ హిల్స్‌లోని కె.బి.ఆర్. పార్కు పేరు అందరూ చెబుతారు. 1998లో జాతీయ వనంగా ప్రకటించిన చోటు అది, నెమళ్లు తిరుగుతాయి. కాని అది అడవి. నడకకే గాని చాప పరచి భోంచేయడానికి తగినది కాదు. కోలుకొని, డాక్టరు నడవమన్న వారికి మంచిది. లుంబినీ పార్కు ఆదివారం సాయంత్రం జాతరలా ఉంటుంది. గుండె ఆపరేషన్ అయినవారికి, పక్షవాతం వచ్చినవారికి ఆ తోపులాట వద్దు. నెహ్రూ జూపార్కు 1963లో తెరిచారు, 380 ఎకరాలు. నడవలేనివారిని తిప్పడానికి బ్యాటరీ బండ్లున్నాయి. సోమవారం సెలవు. మనవలు ఏనుగును చూస్తుంటే తాతగారు బండిలో కూర్చొని మనవలను చూడవచ్చు. అయితే మొదటిసారికి అది పెద్ద ప్రయాణమే. విజయవాడ వారు భవానీ ద్వీపం అంటారు. చోటు చక్కనిదే, కాని మీ రోగి పడవ ఎక్కి దిగగలరా, అవసరమైతే వెంటనే ఒడ్డుకు చేరగలరా అన్నది తేల్చుకోండి. విశాఖ వారి కైలాసగిరికీ ఇదే మాట, కొండపైన ఎక్కువసేపు నడక పెట్టుకోవద్దు.

వేళ విషయం. ఆదివారం వద్దు, వారం మధ్యలో వెళ్లండి. చలికాలంలో మరీ తెల్లవారుజామున పొగ, మంచు కలిసి నేలబారుగా నిలుస్తాయి. ఊపిరితిత్తుల జబ్బు, గుండెజబ్బు ఉన్నవారు ఎండ పొడ వచ్చాకే బయలుదేరాలి. ఎనిమిదిన్నరకు వెళ్లి పదకొండు లోపల తిరిగి వస్తే హాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఊసే వద్దు. వానల తరువాత డెంగీ దోమ పగలే కుడుతుంది, కనుక నిండు చేతుల చొక్కా వేయండి. వయ్యారిభామ మొక్క గుబురుగా ఉన్నచోట చాప పరవకండి. దాని పుప్పొడి ఉబ్బసాన్ని రేపుతుంది, ఆకు తగిలితే కొందరికి దద్దుర్లు లేస్తాయి.

సుగరు వ్యాధి ఉన్నవారిని గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పచ్చిక మీద ఒట్టి కాళ్లతో నడిస్తే మంచిదని మనలో ఒక నమ్మకం. అరికాళ్లలో స్పర్శ తగ్గినవారు అలా నడవకూడదు. ముల్లు గుచ్చుకున్నా, గాజుపెంకు కోసినా వారికి తెలియదు. తెలిసేసరికి పుండవుతుంది. ఆ పుండే ముదిరితే వేలు, పాదం తీసేయవలసి రావచ్చు. చెప్పులు విడవనివ్వకండి, ఇంటికి వచ్చాక అరికాళ్లు మీరే చూడండి. ఇన్సులిన్ చేసుకొని ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే సుగరు పడిపోతుంది. భోజనం దగ్గరున్నదని ఖాయమయ్యాకే, డాక్టరు చెప్పిన వేళ ప్రకారం చేసుకోవాలి. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే వెంటనే చక్కెర గాని గ్లూకోజు గాని నోట్లో పెట్టండి, స్పృహ ఉంటేనే సుమా. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదలవద్దు.

కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకొనేవారికి పార్కు గేటు దగ్గర ప్రేమకొద్దీ కొబ్బరిబొండం కొట్టించి ఇస్తారు. అందులో పొటాషియం ఎక్కువ, వారి గుండెకు అది ప్రమాదం. గుండె ఆపరేషన్ అయినవారి ఛాతీ ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పటిదాకా మనవడిని ఎత్తుకోకూడదు. పిల్లవాడే తాతయ్య పక్కన కూర్చోవాలి.

భోజనం విషయంలో ఆర్భాటం తగ్గించండి. వండిన పదార్థం రెండు గంటల్లో తినేయాలి, ఎండ ఎక్కువగా ఉంటే గంటలోనే. చింతపండు పులుపు ఉంటుంది కనుక పులిహోర కొంత నిలుస్తుంది. అయితే రోగి పాలు వేరుగా ఉప్పు తగ్గించి కలపండి. పెరుగన్నం మాత్రం ఎండకు తొందరగా చెడుతుంది. బిర్యానీ పార్సిల్ తెచ్చి అందరూ రోగి ఎదుటే తిని, ఆయనకు మాత్రం రెండు ఇడ్లీలు పెట్టడం ధర్మం కాదు. ఆ పూట అందరూ ఇడ్లీలే తినండి, ఏం పోయింది! తిన్నాక విస్తళ్లు, సీసాలు సంచిలో వేసుకొని రండి. అదే మార్కు సువార్త ఆరవ అధ్యాయంలో అయిదువేలమంది పురుషులు పచ్చిక మీద తిన్న తరువాత మిగిలిన ముక్కలను పన్నెండు గంపలకు ఎత్తారు కదా.

ఇప్పుడు ఇందాకటి మాటకు వస్తాను. ఈ విహారం ఎవరి కోసం? మన ఇళ్లలో పిక్నిక్ అంటే ఇంటి ఇల్లాలు తెల్లవారి నాలుగింటికి లేచి వండి, క్యారియర్లు సర్ది, అక్కడ వడ్డించి, వచ్చాక గిన్నెలు తోమడం. నెలల తరబడి రాత్రిళ్లు నిద్ర చెడగొట్టుకొని రోగిని కనిపెట్టుకొని ఉన్నది కూడా ఆమే. అన్నలారా, తమ్ముళ్లారా, ఆ రోజు టిఫిను మీరు బయట కొనండి, లేదా మీరే వండండి. పార్కులో ఒక గంటసేపు రోగి బాధ్యత మీరు తీసుకోండి. అమ్మ గాని, వదిన గాని, చెల్లెలు గాని తనకు తోచినట్లు ఒంటరిగా నాలుగు చుట్లు నడిచి రానివ్వండి. "ఎక్కడున్నావు, మాత్ర ఎక్కడ పెట్టావు?" అని ఫోను చేయకండి. మాత్రలు ఎక్కడున్నాయో బయలుదేరేముందే మీరు తెలుసుకొని ఉండాలి. ఊరికే కళ్లనీళ్లు తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఎవరి మీదనో విసుక్కోవడం ఆమెలో రెండు వారాలకు మించి కనిపిస్తే, ఆమెను కూడా ఓ.పి.లో చూపించండి. అది ఓపిక లేకపోవడం కాదు, చికిత్స ఉన్న జబ్బు కావచ్చు.

వెళ్లేటప్పుడు మందుల చీటీ, డిశ్చార్జి కాగితం నకలు, మంచినీళ్లు, ఒక దుప్పటి, పంచదార పొట్లం ఒకే సంచిలో పెట్టుకోండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట ముద్దకావడం కనిపిస్తే ఇంటికి తెచ్చి చూద్దామనుకోక అక్కడినుంచే 108కి ఫోను చేయండి. పార్కు పేరు, ఏ గేటు దగ్గర ఉన్నారో చెప్పాలి కనుక లోపలికి వెళ్లేటప్పుడే గేటు గుర్తు చూసుకోండి.

మొదటిసారి గంట చాలు. రోగి "ఇక పోదాం" అంటే ఎందుకని వాదించకండి. క్యారియర్ మూత తీయకపోయినా సరే, చాప చుట్టండి. ఆ భోజనం ఇంట్లో ఫ్యాను కింద అందరూ కలిసి తినవచ్చు.