బిష్టుపూర్ బజారు, పట్టా కాగితము

(సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు నేను ఏదో సాహిత్య విషయమును ఎన్నుకొందునని వారు తలచియుందురు. కళాశాలలో నేను చదివినది చరిత్ర, అర్థశాస్త్రము. ఇరువది సంవత్సరములుగా సెక్రటేరియటులో చదువుచున్నది దస్త్రములు. ఈ రెంటి నడుమ కవిత్వమునకు చోటు తక్కువ. కావున మీరు పండుగ బట్టలు కొనుటకు పోవు బజారును గూర్చియే మాటలాడుటకు అనుమతి కోరుచున్నాను.

నేడు బిష్టుపూర్ మెయిన్ రోడ్డున నడచినవారికి గాజు అద్దముల వెనుక బంగారు నగలు, విదేశపు గడియారములు, వెల చూచిన గుండె ఝల్లుమను చీరలు కానవచ్చును. కమానీ సెంటరు, పి అండ్ ఎం మాల్ అను పేర్లు మన పిల్లలకు పాఠ్యపుస్తకముల పేర్లకంటె బాగుగ తెలియును. ఆ బిష్టుపూర్‌లోనే తెలుగువారి రామమందిరము గలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి రైలెక్కి ఉక్కు కర్మాగారమున పనికి వచ్చిన కుటుంబములు నిలుపుకొన్న దేవాలయ మది. గుడి ఒకనాటి కథ చెప్పుచున్నది, దుకాణములు మరియొకనాటి కథ చెప్పుచున్నవి. ఈ రెండు నాళ్ళ నడుమ ఏమి జరిగినదని నా ప్రశ్న.

జంషెట్జీ టాటా 1902లో కుమారునకు వ్రాసిన లేఖ ఈ ఊరిలో చదువని విద్యార్థి ఉండడు. విశాలమైన వీథులు వేయవలెను, నీడ నిచ్చు చెట్లు నాటవలెను, ఆటస్థలములు, తోటలు ఉండవలెను, గుడికి, మసీదుకు, చర్చికి స్థలము కేటాయింపవలెను అని ఆయన ఆశయము. ఆ ప్రసిద్ధ వాక్యములలో బజారు మాట మాత్రము లేదు. దేవునికి చోటు చూపిన మహానుభావుడు కోమటికి చూపకపోవుట చిత్రము. బజారు ఎవ్వరును పిలువకుండగనే వచ్చునని ఆయన ఎరుగును కాబోలు!

వచ్చినది. 1907 చివర సాక్చి గ్రామమున స్థలనిర్ణయము జరిగినది. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మె వెలువడినది. 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డు ఊరికి జంషెడ్‌పూర్ అను పేరు పెట్టెను. 1911 జనాభా లెక్కలలో ఆరువేలకు లోబడియున్న జనసంఖ్య 1921 నాటికి సుమారు 57 వేలయినది. జనము వచ్చిన వేగమున ఇండ్లు రాలేదు. కెన్నెడీ, సాలిన్ అను వారు గీసిన మొదటి నమూనా కొద్దివేల మందికి మాత్రమే సరిపోవునది. తక్కినవారు తమకు తోచినచోట పాకలు వేసికొనిరి. 1920 ప్రాంతమున టెంపుల్, 1936లో స్టోక్స్, 1940 దశాబ్దమున కోనిగ్స్‌బర్గర్ వరుసగా క్రొత్త నమూనాలు గీసిరి. ఈ చివరి ఆయనయే తరువాత ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ శాఖకు డైరెక్టరుగా ఉండెను. ప్రతి నమూనాయు అంతకు పూర్వము నమూనాకు వెలుపల వెలసిన బస్తీలను ఏమి చేయుటయా అను చింతతోనే ఆరంభమైనదన్నచో అతిశయోక్తి కాదు.

ఒక మాట స్పష్టము చేయవలెను. బిష్టుపూర్ శిథిలమై తిరిగి లేచిన పేట కాదు. కార్మికుల వరుస ఇండ్ల నడుమ అవసరపు బజారుగా పుట్టి, మెల్లమెల్లగా విలాసపు బజారుగా మారినది. నిజముగా శిథిలమై లేచిన పేటను చూడవలెనన్న న్యూయార్కు పోవలెను. అచ్చట మాంసపు కొట్ల పేట యొకటి గలదు. నూరేండ్ల క్రిందట అందు వందలకొలది కబేళాలు, మాంసపు గిడ్డంగులు ఉండెడివి. వ్యాపారము క్షీణించి పేట పాడుపడినది. 1999లో అచ్చట ఖరీదైన దుస్తుల దుకాణ మొకటి తెరచిరి. 2009లో పాడుపడిన ఎత్తు రైలుమార్గమును ఉద్యానవనముగా మార్చిరి. పిమ్మట ప్రసిద్ధ కంపెనీల దుకాణములన్నియు వరుస కట్టినవి. మిగిలిన కొద్దిమంది మాంసపు వర్తకులును ఆ స్థలమును విడిచిపోవుటకు ఒప్పుకొనిరని 2024లో నగరపాలకులు ప్రకటించిరి. పేట పేరు మాత్రము మాంసపు పేటయే.

ఇట్టి మార్పు ఎట్లు జరుగును? అద్దె చౌకగా ఉన్నందున మొదట ఒక సాహసి దుకాణము పెట్టును. అతనిని చూచి పదిమంది వత్తురు. వీథికి పేరు వచ్చును, పేరుతోబాటు అద్దె పెరుగును. చౌక అద్దెను నమ్ముకొన్న పాత దర్జీ, పాత కిరాణావాడు లేచిపోవలసివచ్చును. కొంతకాలమునకు ఆ మొదటి సాహసియు లేచిపోవలసివచ్చును. అర్థశాస్త్ర గ్రంథములు దీనిని భూమి విలువ పెరుగుట యందురు. ఆ పెరిగిన విలువ ఎవరి సంచిలో పడునన్నది దస్త్రములో ఉండును. అందుచేతనే ఇది నా వంటి గుమాస్తాల విషయము కూడ.

ఢిల్లీలో పనిచేసిన మన సోదరులు ఖాన్ మార్కెటును ఎరుగుదురు. దేశవిభజన అనంతరము వాయవ్య సరిహద్దునుండి వచ్చిన శరణార్థులకొరకు 1951లో ఏర్పడినది. క్రింద దుకాణములు, పైన దుకాణదారులకు కాపురపు గదులు. సరిహద్దు గాంధీగారి అన్న డాక్టర్ ఖాన్ సాహెబు పేరు పెట్టిరి. చుట్టునున్న ఉద్యోగుల కాలనీలవారు పప్పు, ఉప్పు, కాగితము, కలము కొనుకొన్న బజారు అది. అదే మార్కెటు 2019లో ప్రపంచమున అద్దెలు అత్యధికముగానున్న వ్యాపార వీథుల పట్టికలో 20వ స్థానమున నిలిచినది. ఆ పైగదులలో నేడు కాపురములు కనబడుట అరుదు, భోజనశాలలే అధికము. అయినను 1953లో మొదలైన బాహ్రీసన్స్ పుస్తకశాల అచ్చటనే ఉన్నది. నిరాశ్రయులై వచ్చినవారికి దుకాణము ఇచ్చుటయే కాక, పిమ్మట దానిపై హక్కు కూడ దక్కునట్లు పునరావాస శాఖ చేసినది. కొందరు అమ్ముకొనిరి, కొందరు అద్దె కిచ్చిరి, కొందరు నిలిచిరి. ఏది చేసినను వారి యిష్టముచొప్పున చేసిరి. కాగితము వారి చేతిలో ఉన్నది.

మన హైదరాబాదున వేరొక విధము. మొజంజాహీ మార్కెటును 1935లో నిజాము ప్రభుత్వము రాతితో కట్టించినది. పండ్ల టోకు వర్తకము గడ్డిఅన్నారమునకు తరలిన తరువాత క్రమముగా కళ తప్పినది. రేకుల పందిళ్ళు, వ్రేలాడు తీగలు, గోడలపై మసి. 2018లో మరమ్మతు ఆరంభించి, రాతిని శుభ్రపరచి, 2020 ఆగస్టులో తిరిగి తెరచిరి. ఐస్‌క్రీము దుకాణములవారు అచ్చటనే ఉన్నారు. అయితే కట్టడము పురపాలక సంస్థది, దుకాణదారులు అద్దెదారులు. నేటి అధికారి పాతవారిని మన్నించెను. రేపటివానిని గూర్చి హామీ యెవరును ఇయ్యలేరు.

ఇక జంషెడ్‌పూర్. భూసంస్కరణ చట్టము తరువాత ఇచ్చటి భూమి ప్రభుత్వమునకు చెంది, కంపెనీ కౌలుదారైనది. 1985లో వ్రాసికొన్న లీజును 1956నుండి లెక్కించిరి. 2005లో ఝార్ఖండ్ ప్రభుత్వము దానిని 1996 జనవరి 1నుండి 30 సంవత్సరములకు పునరుద్ధరించినది. బిష్టుపూర్ వర్తకుడు కౌలుదారునికి ఉపకౌలుదారు. అతని హక్కు మెట్టు క్రింద మెట్టుగా ఉన్నను, ఒక మెట్టు ఉన్నది. నమూనాకు వెలుపల పెరిగిన బస్తీల సంగతి వేరు. 86 బస్తీల భూమిని 2005 లీజునుండి తొలగించిరి. యాజమాన్య హక్కు అను మాట ఆ బస్తీలలో ప్రతి ఎన్నికలోను వినబడుచుండును.

ఆ బస్తీలలో మనవారును గలరు. తాతగారు కర్మాగారమున చేరి వేసిన రెండు గదులు, తండ్రిగారు కట్టిన మేడమెట్లు, మనుమడు పెట్టించిన నీళ్ళ కుళాయి. కరెంటు బిల్లు, ఓటరు కార్డు, రేషను కార్డు అన్నియు ఆ ఇంటిపేరనే ఉండును. అవి నివాసమునకు సాక్ష్యములే గాని హక్కునకు కావు. సమీపపు వీథి విలాసపు బజారుగా మారినకొలది ఈ ఇంటి క్రింది నేల విలువయు పెరుగును. ఆ విలువ చూపి బ్యాంకులో కూతురి చదువునకు అప్పు తీయుటకు అతనికి వీలులేదు. ఖాన్ మార్కెటు శరణార్థికిని ఇతనికిని శ్రమలో భేదము నాకు కానరాదు. ఇద్దరును ఊరు విడిచి వచ్చినవారే. గోల్‌మురిలో నేటికిని రెఫ్యూజీ కాలనీ అను పేరు నిలిచియున్నది. ఊరు విడిచి వచ్చినవానికి ఇల్లు చూపుట మన ప్రభుత్వములు ఎరుగని పని కాదు. కూలికి వచ్చినవాడు శరణార్థి పట్టికలో లేడు, అంతే భేదము.

బజారులు బాగుపడరాదని నేననను. మా ఇంటివారు ఇదే సభలో ఉన్నారు. ఆ మాట అనినచో సాయంకాలము నాకు కాఫీ దొరకదు. గాజు అద్దముల దుకాణములలో మన పిల్లలకే ఉద్యోగములు దొరకుచున్నవి, అదియు నిజమే.

నాకు తోచిన పని యొకటి చెప్పి విరమింతును. పాతవారి పెట్టెలలో క్వార్టరు కేటాయింపు ఉత్తరములు, బజారు అద్దె రశీదులు, బస్తీ ఇంటి పన్ను చీటీలు, గుడి చందా పుస్తకములు ఉండవచ్చును. పెద్దవారు గతించినప్పుడు అవి చిత్తుకాగితములతోబాటు పోవును. ఏ సంవత్సరమున ఎవరు ఎచ్చట ఉండిరో చెప్పు కాగితము, ఎంత చిన్నదైనను, ఏనాడైన హక్కుల విచారణ జరిగినచో అక్కరకు వచ్చును. సంఘమువారు ఒప్పుకొన్నచో రెండవ శనివారములలో నేను ఇచ్చటికి వచ్చి, మీరు తెచ్చిన కాగితములను తేదీలవారీగా పట్టికలో వ్రాసి, నకళ్ళు తీయించి, అసలును అప్పుడే మీ చేతి కిత్తును. అసలును ఎవరికిని, నాకైనను, వదలి పోవలదు.