శిక్ష ఆగేది ఎవరికి?

(ఆళ్ళగడ్డ సభలో మాట్లాడిన మాటలకు రాతరూపం)



కోర్టు శిక్ష వేసిందంటే ఇంక అయిపోయిందని మన వాడల్లో అనుకుంటారు. అయిపోదు. శిక్ష పడినోడు పైకోర్టుకు అప్పీలు వేస్తాడు. కేసు మళ్ళీ విచారించమనీ అడగొచ్చు. అది తేలేదాకా శిక్ష నిలిపి బెయిలు మీద వదలమంటాడు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 389వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహితలో 430. ఏండ్లకేండ్లు జైల్లో మగ్గినాక నిర్దోషివి పో అంటే, ఆ ఏండ్లు ఎవరు తిరిగిస్తారు? అందుకే ఈ దారి పెట్టినారు. దీన్ని మేము కాదనడం లేదు. మనోళ్ళకే ఇది ఎక్కువ కావాలి.

చిలకలూరిపేట సంగతి తెలిసిందే. 1993 మార్చి 8న బస్సు తగలబడి 23 మంది సచ్చిపోయినారు. ఘోరమే, ఎవరు కాదంటారు? దోపిడీకి పోయి తగలబెట్టినారని చలపతి, విజయవర్ధనం అనే ఇద్దరు దళిత యువకులకు 1995లో ఉరి వేసినారు. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రాష్ట్రపతి క్షమాభిక్ష ఇయ్యలేదు. 1997 మార్చి 29న ఉరి అన్నారు. రచయితలు, హక్కుల సంఘాల వాళ్ళు దేశమంతా తిరిగి మళ్ళీ అర్జీ పెట్టినారు. ఉరికి కొన్ని గంటల ముందు సుప్రీంకోర్టు ఆపింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చినారు. ఆ స్టే రాకుంటే ఆయన సంతకం ఎవరికి పనికొచ్చేది?

ఇప్పుడు చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న మన వాళ్ళను నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో వేసినారు. కింది కోర్టు తీర్పు ఎప్పుడొచ్చింది? 2007 జులై 31న. పదహారేండ్లు! 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. పేదోడికి ఉరి రెండున్నరేండ్లలో పడింది, అది కూడా ఈ దేశంలోనే.

అట్రాసిటీ కేసులో శిక్ష పడినోడు పూలదండతో ఊర్లో దిగినప్పుడు గానీ మనకు తెలియదు. అట్లా కాకూడదని 2015 సవరణలో 15ఎ సెక్షన్ తెచ్చినారు. బెయిలు, విడుదల, శిక్ష, ఏ మాటొచ్చినా బాధితులకు నోటీసు ఇయ్యాల, వాళ్ళ మాట వినాల. నోటీసు తప్పనిసరని 2021లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి తీర్పు రాగానే ఇంటికి పోయి పడుకోవద్దు. అమరావతి హైకోర్టులో వాళ్ళు ఏం వేసినారో స్పెషల్ పీపీని అడుగుతా ఉండండి. బెయిలు మీద వచ్చి సాక్షుల్ని బెదిరిస్తే రాసిపెట్టి, రద్దు చేయమని అడగండి.

మన పిల్లోడికే శిక్ష పడితే? మూడేండ్ల లోపు శిక్షయి, అప్పటికే బెయిల్లో ఉంటే, అప్పీలు వేసుకునేదాకా శిక్ష వేసిన కోర్టే వదలొచ్చు. జైల్లో ఉంటే జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపొచ్చు. ఎస్సీ, ఎస్టీలకు న్యాయసేవా సంస్థ వకీలు ఉచితం, ఆదాయం అడగరు.

నోటీసు ఇంగ్లీషులో వచ్చిందని ఇంటికప్పులో దోపి పెట్టకండి. అదే రోజు మా దగ్గరికి తీసుకొని రండి. ఆదివారమైనా సరే, రాత్రయినా సరే.