గాజు తొట్టి చేపలు - ఊరి చెరువు



గాజు తొట్టిలో చేపలు ఈదుతుంటే మీరు చూసే ఉంటారు. పట్నంలో బట్టల కొట్లో, డాక్టరుగారి దగ్గర, కొందరి ఇళ్ళల్లో ఉంటాయి. దాన్ని అక్వేరియం అంటారు. ఎర్ర చేపలు, చారల చేపలు చూస్తే ముచ్చటేస్తుంది. పిల్లలైతే అక్కడినుంచి కదలరు.

ఆ తొట్టికీ మన చెరువుకీ ఏం సంబంధం? ఉంది.

తొట్టి అడుగున ఒక నల్ల చేప ఉంటుంది. నోటితో గాజును పట్టుకుని పాచి తింటుంది. తొట్టి శుభ్రంగా ఉంటుందని దాన్ని కొంటారు. కొన్నప్పుడు వేలంత ఉంటుంది. పెరిగితే మూరెడు దాకా అవుతుంది. అప్పుడు తొట్టి చాలదు. చంపడానికి మనసొప్పదు. చెరువులోనో కాలవలోనో వదిలేస్తారు. పైగా ప్రాణం కాపాడాం, పుణ్యం అనుకుంటారు.

ఆ చేపది మన దేశం కాదు. దక్షిణ అమెరికా. ఒళ్ళంతా గట్టి పెంకు, ముళ్ళు. గట్టులో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. మన చేపలు తినే మేతను అది తింటుంది. నీళ్ళ బయట కూడా గంటల తరబడి బతుకుతుంది. ఆంధ్రాలో, తెలంగాణలో చాలా చెరువుల్లోకి ఇది చేరింది. కృష్ణా నదిలోనూ ఉంది. జాలరులు దీన్ని దెయ్యం చేప అంటున్నారు. వలలో పడితే వల చిరుగుతుంది. సంతకు తీసుకెళితే కొనేవాళ్ళు లేరు. చేపలమ్మే ఆడవాళ్ళకు ఆ పూట గంప ఖాళీ.

మరి తొట్టివాళ్ళను తిట్టాలా? తిడితే చీకటిపడ్డాక తెచ్చి వదులుతారు. వాళ్ళకు చేపలంటే ప్రేమ. ఆ ప్రేమను పనిలో పెట్టాలి. మెక్సికో దేశంలో అలా జరిగింది.

అక్కడ ఒక ఏట్లో చిన్న చేప ఉండేది. దగ్గరి కొండ పేరుమీద దానికి టెకీలా చేప అని పేరు. వేలంత ఉంటుంది. మగదాని తోకమీద నారింజ రంగు పట్టీ. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది! ఏట్లో మురికి చేరింది. పరాయి చేపలు చేరాయి. టెకీలా చేప ఏట్లోంచి మాయమైంది.

కానీ ఇంగ్లాండు దేశంలో కొందరు దాన్ని తొట్టెల్లో పెంచుతున్నారు. 1998లో అక్కడి చెస్టర్ జంతుశాల నుంచి 5 జతలు మెక్సికోలోని విశ్వవిద్యాలయానికి చేరాయి. మోసుకెళ్ళింది చేపలు పెంచే ఒకాయనే. ఏళ్ళ తరబడి తొట్టెల్లో పెంచారు. 2012లో 40 మగ, 40 ఆడ చేపల్ని మడుగుల్లో వేశారు. నాలుగేళ్ళలో అవి పదివేలయ్యాయి. 2017లో 1500 చేపల్ని ఏట్లో వదిలారు. ఊరివాళ్ళు, బడి పిల్లలు కూడా కలిశారు. చేపలు ఏట్లో నిలదొక్కుకున్నాయని 2021లో ప్రకటించారు.

అక్కడ వదిలింది ఆ ఏటి చేపనే. అది కూడా పరీక్షలు చేశాక. ఇక్కడ వదులుతున్నది పరాయి చేపను. తేడా అదే.

మీలో కొందరు అలాంటి ఇళ్ళల్లో పనికి వెళ్తుంటారు. "అమ్మా, ఈ చేప వద్దనుకుంటే కొట్టువాడికే తిరిగి ఇవ్వండి, చెరువులో వేయకండి" అని చెప్పవచ్చు. తొట్టి కడిగిన నీళ్ళు కాలవలో పోయకూడదు. అందులో గుడ్లు, పిల్లలు ఉండొచ్చు. దెయ్యం చేప వలలో పడితే తిరిగి నీళ్ళలోకి విసరకూడదు.

ఊళ్ళో వల లాగే రోజున తొట్టివాళ్ళను చెరువు గట్టుకు పిలవండి. ఏ చేప ఏ దేశానిదో వాళ్ళకు బాగా తెలుసు. మన చేపల పేర్లు మీకు తెలుసు. పరాయి చేప కనిపిస్తే ఇద్దరూ కలిసి మత్స్యశాఖవాళ్ళకు చెప్పండి. ఉత్తరం రాయడం ఇప్పుడు మీకు వచ్చు కదా!