భౌతికశాస్త్రమునుండి గణనయంత్రమునకు
(తరిగొప్పుల వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



మన విద్యానిధినుండి వేతనము పొందు విద్యార్థి నడుమ శాస్త్రము మార్చినచో ఇచ్చిన ధనమును తిరిగి రాబట్టవలెనని కొందరు పెద్దలు సూచించియున్నారు. అట్టి నియమము చేయుటకు ముందు అయ్యగారి సాంబశివరావుగారి చరిత్రమును తలపోయవలెనని మా ప్రార్థన.

వారు 1914లో పశ్చిమగోదావరి సీమయందలి మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డునందు విద్యుత్ ఇంజనీరింగు అభ్యసించిరి. మరలివచ్చి బొంబాయి టాటా పరిశోధనసంస్థయందు విశ్వకిరణ పరిశోధనమున చేరిరి.

ఆ పరిశోధనమే వారిని యంత్రములవైపు త్రిప్పెనని మా తలంపు. విశ్వకిరణములు కంటికి గోచరింపవు. ఒక్కొక్క కణము పరికరమును దాటినప్పుడు స్వల్పమైన విద్యుత్స్పందము పుట్టును. ఎడతెగక వచ్చు ఆ స్పందములను వ్రేళ్లపై లెక్కించుట మనుజునకు శక్యముగాదు; అందులకై లెక్కించు వలయములను నిర్మింపవలెను. కలదు, లేదు అను రెండు స్థితులతోనే గణించు అట్టి వలయములే కంప్యూటరునకును మూలము. గురులఘువులు రెంటితో ఛందఃప్రస్తారమంతయు నడచుట నెరిగిన సంస్కృతపు పంతుళ్లకు ఇందు వింత యేమియు లేదు!

1956లో ట్రాంబేయందు పనిచేయనారంభించిన అప్సర అణురియాక్టరునకు నియంత్రణ పరికరములను వీరి బృందమే సమకూర్చెను. 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. వెలసినప్పుడు వీరే దానికి సారథులు. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అను కంప్యూటరు 1969లో ఆ సంస్థనుండి వెలువడెను. తరువాత 1991లో ట్రాంబే శాస్త్రజ్ఞులే 'అనుపమ్' అను మహాగణనయంత్రమును నిర్మించిరి. అందు పెక్కు గణకములు ఒక్క లెక్కను పంచుకొని ఏకకాలమున చేయును. మన చెరువుక్రింది మడిలో నాట్లు వేయు కూలీల వరుసను తలచుకొనుడు: పదిమంది దిగిన పని త్వరగా ముగియును గాని, నారుకట్ట అందక ఒకరు నిలిచిన ప్రక్కవారి సాలు కూడ వెనుకబడును. ఆ కట్టలను వేళకందించు నేర్పే ఈ విద్యలో మిక్కిలి కష్టమైనది.

సాంబశివరావుగారు 2003లో కీర్తిశేషులైరి. హైదరాబాదున ఒక పేట నేటికిని వారి పేర నున్నది. వారి భౌతికశాస్త్రము వ్యర్థమైనదని ఎవరనగలరు?

కావున శాస్త్రము మార్చదలచిన విద్యార్థిని ధనము తిరిగి ఇమ్మని అడుగుటకు మారుగా, మునుపటి చదువు క్రొత్తదానికెట్లు తోడ్పడునో వ్రాసి ఇమ్మని అడిగి, తగినదని తోచినచో మరియొక యేడు వేతనము పొడిగింపవలెనని ఈ సవరణను సభవారి యెదుట నుంచుచున్నాము.