బోధనకు ముందు సాధన

డిగ్రీ పరీక్షలు ముగిసిన పిమ్మట, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరుటకు ముందు, మన యువతీయువకులకు సామాన్యముగా కొన్ని మాసముల విరామము దొరకుచుండును. ప్రవేశ పరీక్ష, దాని ఫలితములు, సీట్ల కేటాయింపు - వీనికొరకు ఎదురుచూచుటలోనే ఆ కాలము గడచిపోవుట పరిపాటి. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పగోరువారు ఆ విరామమును ఏ విధముగా వినియోగించుకొనవచ్చునో, ఆ వినియోగము రేపటి పిల్లల చదువునకు ఎంత ముఖ్యమో నేడు కొంత ముచ్చటింతము.

శిక్షణ కళాశాల పాఠము చెప్పు విధానమును నేర్పును. పిల్లల మనస్తత్త్వము, పాఠ్యపథక రచన, ప్రశ్నించు పద్ధతి, మూల్యాంకనము, పాఠశాలలో బోధనాభ్యాసము - ఇవి అక్కడి ముఖ్యాంశములు. 2015-16 విద్యాసంవత్సరము నుండి బి.ఇడి. శిక్షణ ఒక సంవత్సరమునకు మారుగా రెండు సంవత్సరములైనది. ఐనను, చెప్పవలసిన శాస్త్రమును మొదటినుండి మరల నేర్పుటకు అక్కడ తీరిక యుండదు. అది ముందే వచ్చియున్నదని తలచియే కళాశాల తన పని ప్రారంభించును. కుండలో నున్నదే గరిటెలోనికి వచ్చునని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

మన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల ఉన్నత పాఠశాలలలో భౌతికశాస్త్రమును, రసాయనశాస్త్రమును సామాన్యముగా ఒకే ఉపాధ్యాయుడు చెప్పుచుండును. డిగ్రీలో రసాయనశాస్త్రముపై మక్కువ పెంచుకొన్నవారును, గణితముపై దృష్టి నిలిపినవారును రేపు కటకములను గూర్చి, విద్యుత్ప్రవాహమును గూర్చి, అయస్కాంత ప్రేరణను గూర్చి చెప్పక తప్పదు. పట్టణమందలి బాలునకు సందేహము కలిగినచో తీర్చుకొనుటకు నాలుగు దారులుండవచ్చును. పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు బాలికకు చాలమారులు ఉపాధ్యాయుడే ఏకైక ఆధారము. ఆమె అడిగిన ప్రశ్నకు "అది పరీక్షకు రాదు, కూర్చో" అను సమాధానము వచ్చినచో, ఆమె మరియొక ప్రశ్న అడుగదు. భౌతికశాస్త్రము తనకు పట్టుబడని విద్య యని ఆనాడే నిశ్చయించుకొనును. ఆ సమాధానము వెనుక నుండునది అనేక సమయములలో కోపము కాదు. విషయము స్పష్టముగా తెలియకపోవుటవలన కలిగిన భయము.

పట్టభద్రులకు పదవ తరగతి పాఠము ఒక లెక్కయా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఒక చిన్న పరీక్ష చేసి చూతము. ఒక బంతిని నిటారుగా పైకి విసరితిమి. అది మిక్కిలి ఎత్తునకు పోయి, క్రిందికి దిగుటకు ముందు ఒక్క క్షణము నిలిచినట్లుండును. ఆ క్షణమున దాని త్వరణమెంత? శూన్యమని చెప్పువారు పట్టభద్రులలోను తక్కువ మంది కారు. వేగము శూన్యమే, త్వరణము మాత్రము సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు, క్రింది దిక్కుగా నున్నది. త్వరణము కూడ శూన్యమైనచో బంతి త్రిశంకువు వలె అక్కడనే నిలిచిపోవలసి యుండును. సూత్రములు కంఠస్థముగా నున్నవారును ఈ ప్రశ్నవద్ద తడబడుట కలదు.

ఇది మన దేశమునకు మాత్రమే చెందిన లోపము కాదు. 1985లో ఇబ్రహీం హలూన్, డేవిడ్ హెస్టెనీస్ అను ఇరువురు అమెరికాలో కళాశాల విద్యార్థులకు చలనమును గూర్చి సులభమైన ప్రశ్నలనిచ్చి పరీక్షించిరి. బలము ప్రయోగించుచున్నంత సేపే వస్తువు కదలుననునట్టి పాతకాలపు భావములు, ఒక పాఠ్యక్రమము పూర్తిచేసిన పిమ్మటను విద్యార్థుల మనస్సులలో చాలవరకు చెక్కుచెదరక యున్నట్లు వారు కనుగొనిరి. గెలీలియో తన చలన పరిశోధనలను 1638లో ప్రకటించెను. న్యూటను మహాగ్రంథము 1687లో వెలువడెను. అంతకు ముందు వేల యేండ్లు పండితులనే భ్రమింపజేసిన విషయము ఒక్క పాఠముతో పిల్లల మనస్సు విడిచిపోవునా? ముందుగా ఉపాధ్యాయుని మనస్సును విడిచినగదా!

1986లో లీ షుల్మన్ అను అమెరికా విద్యావేత్త ఈ సమస్యను మరియొక వైపునుండి చూపెను. విషయము తెలియుట ఒకటి, బోధనా పద్ధతి తెలియుట మరియొకటి. ఈ రెండింటికి నడుమ మూడవ జ్ఞానమొకటి కలదు. ఈ విషయమున పిల్లలు ఎక్కడ తడబడుదురు, ఏ ఉపమానము వారికి వెలుగునిచ్చును, ఏ ఉపమానము దారి తప్పించును అను ఎరుకయే అది. విషయమున గట్టితనము లేనివానికి ఈ మూడవది అలవడదు. కనుక మేము సూచించు సాధన పెద్ద గ్రంథములతో గాక, పాఠశాల పుస్తకములతోనే ప్రారంభము కావలెను. ఎనిమిది నుండి పది వరకు గల పాఠములను, ఇంటర్మీడియట్ పుస్తకములను దగ్గర నుంచుకొని, ప్రతి వాక్యమువద్దను "ఇది ఎందుకు?" అని ప్రశ్నించుకొనుచు చదువవలెను.

మొదటి మెట్టు మాటలు. తెలుగున చెప్పువారికి ఇచ్చట ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. బలము, శక్తి, సామర్థ్యము - వాడుకలో ఈ మూడును ఇంచుమించు ఒకటే. "ఒంట్లో బలము లేదు", "ఒంట్లో శక్తి లేదు" అను వాక్యములకు మన యిండ్లలో భేదము లేదు. శాస్త్రమునందో, బలమును న్యూటన్లలోను, శక్తిని జౌళ్ళలోను, సామర్థ్యమును వాట్లలోను కొలుతుము. వడికిని వేగమునకును, ఉష్ణమునకును ఉష్ణోగ్రతకును ఇట్టి భేదమే కలదు. అంగడిలో "ఐదు కిలోల బరువు" అందుము. శాస్త్రమున అది ద్రవ్యరాశి, దాని భారము సుమారు 49 న్యూటన్లు. వాడుక మాటను తప్పుపట్టిన పిల్లలు చిన్నబుచ్చుకొందురు. వాడుకలోని అర్థమును అంగీకరించి, శాస్త్రార్థము దానినుండి ఎక్కడ చీలుచున్నదో చూపినచో ఆసక్తితో విందురు. కావున ఒక చిన్న పుస్తకమున ఇట్టి జంట పదములన్నియు వ్రాసికొని, ఒక్కొక్క దానికి ఇంటిలోని ఉదాహరణ నొకటి చేర్చుకొనుట మంచిది.

రెండవ మెట్టు చేతులు. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. దారమునకు చిన్న రాయి కట్టి, వ్రేలాడదీసిన చోటినుండి రాతి నడిమివరకు ఒక మీటరు పొడవుండునట్లు అమర్చి, కొద్దిగా ఊపి, 20 డోలనములకు పట్టు కాలమును గడియారముతో కొలువుడు. సుమారు 40 సెకనులు వచ్చును. పొడవును 25 సెంటీమీటర్లు చేయుడు. కాలము నాలుగవ వంతగునా, సగమగునా? చూచుటకు ముందే జవాబు కాగితముపై వ్రాయవలెను. సగమే యగును, సుమారు 20 సెకనులు. చిన్న రాయికి బదులు పెద్ద రాయి కట్టినచో ఏమగును? దీనిని గూడ ముందు వ్రాసి, తరువాత చూడవలెను. ముందు ఊహించి, పిమ్మట పరీక్షించి, భేదము వచ్చినచో కారణము వెదకుట - ఈ మూడు పనులే భౌతికశాస్త్రము.

వేసవిలో కుండనీరు చల్లబడుట అందరెరిగినదే. "ఆవిరియగుట వలన" అను జవాబుతో తృప్తిపడక లెక్కవేయుడు. సాధారణపు వేడిమిలో ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 2,400 జౌళ్ళ ఉష్ణము కావలెను. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు 4.2 జౌళ్ళు చాలును. కావున లీటరు నీటిలో 10 గ్రాములు ఆవిరియైనచో, బయటినుండి వేడి చొరకుండునెడల, మిగిలిన నీరు ఐదారు డిగ్రీలు చల్లబడగలదు. ఇక వానకాలమున కుండనీరు అంతగా ఏల చల్లబడదు? గాలిలోని తేమను గూర్చిన పాఠము అక్కడినుండి తనంతట తానే మొదలగును.

విద్యుత్తు విషయమున చాలమందికి గల భ్రమ యేమనగా, దీపము విద్యుత్ప్రవాహమును "తినివేయు"ననుట. టార్చి ఘటము, చిన్న బల్బు, తీగలు తీసికొని, బల్బునకు ముందొకమారు, వెనుక నొకమారు అమ్మీటరు నుంచి చూచినచో రెండు చోట్లను ప్రవాహ మొక్కటియే. తరలిపోవుచున్నది శక్తి. ఈ భేదము గ్రహించినవారు మరియొక ప్రశ్నను కాగితముపై సాధింపవచ్చును. 230 వోల్టులకు చేసిన 40 వాట్లు, 100 వాట్ల ఫిలమెంటు బల్బులు రెండింటిని శ్రేణిలో కలిపినచో ఏది ఎక్కువ వెలుగును? వందయని తొందరపడి చెప్పుదురు. పూర్తి వెలుగులో 40 వాట్ల దాని నిరోధము సుమారు 1,320 ఓములు, వంద దానిది సుమారు 530 ఓములు. శ్రేణిలో ప్రవాహ మొక్కటియే కనుక నిరోధ మెక్కువగల నలుబది వాట్ల బల్బే ఎక్కువ వెలుగును. దీనిని ఇంటి కరెంటుతో చేసి చూడరాదు. ప్రయోగములకు టార్చి ఘటములే క్షేమము.

రేడియో పెట్టె కూడ ఒక ప్రయోగశాలయే. మీడియం వేవు కార్యక్రమములు వినుచు చిన్న ట్రాన్సిస్టరును మెల్లగా త్రిప్పినచో ఒక దిక్కున ధ్వని హెచ్చును, వేరొక దిక్కున తగ్గును. లోపలి ఫెర్రైటు కడ్డీ తరంగముల అయస్కాంత క్షేత్రమును ఒక దిశయందే బాగుగా గ్రహించుట అందులకు కారణము. పగలు వినరాని దూరపు కేంద్రములు రాత్రి వినవచ్చుట మరియొక వింత. పగటివేళ అయనావరణపు క్రింది పొర ఈ తరంగములను పీల్చివేయును. ప్రొద్దు క్రుంకిన తరువాత ఆ పొర క్షీణింపగా, పై పొరలు వానిని మరల భూమికి త్రిప్పి పంపును. ఒక పెట్టెలో అయస్కాంతత్వము, తరంగములు, సూర్యకాంతి ప్రభావము - మూడు పాఠములు!

మూడవ మెట్టు లెక్కలు. గంటకు 36 కిలోమీటర్లన్నచో సెకనుకు 10 మీటర్లని వెంటనే తట్టవలెను. రేఖాపటము చూచి, దాని వాలు ఏమి చెప్పుచున్నదో, దాని క్రింది వైశాల్యమేమి చెప్పుచున్నదో మాటలలో వివరింపగలగవలెను. జవాబు వచ్చిన తరువాత "ఇది సంభవమేనా?" అని యోచించుట అలవాటు కావలెను. మనిషి పరుగు సెకనుకు 200 మీటర్లని లెక్క తేలినచో, ఎక్కడనో పొరపాటున్నదని చెప్పుటకు సూత్రముతో పని లేదు.

మూడు మాసముల వ్యవధి యున్నవారికి ఒక చిన్న ప్రణాళిక చెప్పుదుము. చలనము, బలము, శక్తి - వీనికి నాలుగు వారములు. తక్కిన శాస్త్రమంతయు వీనిపై నిలిచినది గనుక ఇచ్చట తొందర తగదు. ఉష్ణము, ద్రవముల పీడనము - రెండు వారములు. ధ్వని, కాంతి - రెండు. విద్యుత్తు, అయస్కాంతత్వము - మూడు. చివరి వారము పరమాణువునకు, తిరిగి నెమరువేయుటకు. ప్రతి వారాంతమున ఇంటిలో చెల్లెలికో, తమ్మునికో, ఇరుగుపొరుగు పిల్లలకో ఒక పాఠము పుస్తకము లేకుండ చెప్పవలెను. ఎక్కడ మాట ఆగినదో అక్కడనే తెలివి ఆగినదని గుర్తు. నేడు చేతిలోని ఫోనులో ఎన్నియో చక్కని పాఠములు చూడవచ్చును. కాని చూచుటవలన తెలిసినట్లు తోచునే గాని, చెప్పి చూచినప్పుడే నిజము బయటపడును.

ఇట్టి యత్నములు లోకమున లేకపోలేదు. ఇంగ్లండులో భౌతికశాస్త్రోపాధ్యాయుల కొరత చాలకాలముగా నున్నందున, ఇతర శాస్త్రములు చదివినవారు శిక్షణకు ముందు కొన్ని వారములు ఈ శాస్త్రమును మరల నేర్చుకొనుటకు ప్రత్యేక పాఠ్యక్రమముల నేర్పరచిరి. మన దేశమునను 1972లో మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాలో పదునారు పాఠశాలలతో ఒక విజ్ఞాన బోధన కార్యక్రమము ప్రారంభమై, 2002 వరకు నడచెను. పిల్లలచేత చేయింపవలసిన ప్రయోగములను ముందుగా ఉపాధ్యాయులే తమ చేతులతో చేసి, వాదించుకొని, నిగ్గుతేల్చుకొనుట ఆ కార్యక్రమమునకు ప్రాణము వంటిది. మన శిక్షణ కళాశాలలును ప్రవేశము పొందినవారికి తరగతుల ప్రారంభమునకు ముందు రెండు మూడు వారములు ఇట్టి అవకాశము కల్పించినచో ఎంతయో మేలు. అంతవరకు ముగ్గురు నలుగురు మిత్రులు కలిసి ఒక ఇంటి అరుగుమీద కూర్చుండి సాగించినను చాలును.

ఇంత సాధన చేసినను తెలియని ప్రశ్న ఎదురుకాక మానదు. ఏ ఉపాధ్యాయుడును సర్వజ్ఞుడు కాడు. ఐతే విషయమున గట్టి పునాది గలవాడు "మంచి ప్రశ్న, నాకు ఇప్పుడు తెలియదు, రేపు మనమిద్దరము కలిసి చూతము" అని నిస్సంకోచముగా చెప్పగలడు. పునాది లేనివాడు ఆ మాట చెప్పుటకు జంకి, పిల్లల నోరు మూయించును. ఈ రెండింటి నడుమ గల అంతరమే ఒక తరగతి భవిష్యత్తు. శిక్షణకు ముందున్న ఆ కొద్ది మాసములను యువతీయువకులు వృథా చేయకుందురుగాక యని, వారి తల్లిదండ్రులును ఆ సాధనకు ఇంటిలో కొంత చోటు, కొంత కాలము కల్పింతురుగాక యని కోరుచు సెలవు తీసికొందుము.